చెప్పులు 8 సైజు అయితే రన్నింగ్ షూస్ కూడా 8 తీసుకోవాలా?

అక్కర్లేదు, చాలామందికి మామూలు సైజు కంటే అర సైజు నుంచి ఒక సైజు పెద్దదే సరిపోతుంది, లేచి నిలబడితే అన్నిటికంటే పొడుగు వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి (కొంతమందికి కాలి బొటనవేలి కంటే పక్క వేలే పొడుగు, అది కూడా చూసుకోండి).

ఎందుకంటే పరిగెత్తేటప్పుడు అడుగు పడిన ప్రతిసారీ పాదం కొంచెం సాగి ముందుకి జరుగుతుంది, పైగా వేడికి ఉబ్బుతుంది, ఇంక నెల్లూరు ఎండల గురించి చెప్పేదేముంది. ఖాళీ లేకపోతే వేళ్లు పోయి షూ ముందు భాగానికి గుద్దుకుంటా ఉంటాయి, గోళ్లు నల్లబడేది అందుకే.

ఉదాహరణకి కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే పిల్లోడు పొద్దున్నే ట్రంకు రోడ్డులో షాపు తెరవగానే పోయి, సాక్స్ లేకుండా, కూర్చునే వేసుకుని కరెక్టుగా పట్టిందని కొన్నాడనుకోండి, సాయంత్రం గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు కొట్టేసరికి అవే బిగుసుకుపోతాయి. అందుకే సాయంత్రం పూట, పరిగెత్తే సాక్స్‌తోనే, రెండు కాళ్లకీ వేసి చూడాలి, చాలామందికి రెండు పాదాలు ఒకే కొలతలో ఉండవు, పెద్దదాన్ని బట్టే కొనాలి. మడమ మాత్రం వదులుగా ఉండకూడదు, నడిస్తే లేచొస్తుంటే ఆ జత వద్దు.

ఎక్కువమంది పొరబడేది ఏందంటే, కొత్తలో కరుస్తాయిలే, వాడేకొద్దీ సాగుతాయి అనుకోవడం. అది తోలు చెప్పుల లెక్క. రన్నింగ్ షూ పైన ఉండే జాలీ గుడ్డ వెడల్పులో కాస్త వదులవుతుందేమో గానీ పొడవు పెరగదు, కింద సోల్ సాగదు కదా.