అంకె, సంఖ్య, పూర్ణం, పరిపూర్ణం

సందేహం: 33550336ను గురించి ఒక వ్యాసంలో ‘ఈ పెద్ద అంకె పూర్ణ సంఖ్య మాత్రమే కాదు, పరిపూర్ణ సంఖ్య కూడా’ అని రాశాను. ‘అంకె’ తప్పనీ, పూర్ణ, పరిపూర్ణ శబ్దాలకు అర్థం ఒకటే కాబట్టి వాక్యంలో పునరుక్తి దోషం ఉందనీ ఒక మిత్రుడు ఆక్షేపించారు. ఏది సరి?

సమాధానం: మీ మిత్రుని మొదటి ఆక్షేపణ సరైనదే; రెండోది నిలవదు.

సంస్కృతంలో ‘అంక’మంటే గుర్తు. 0 మొదలు 9 వరకు గల పది గుర్తులే అంకెలు. వాటిలో ఒకదానితోనో, కొన్నింటిని పక్కపక్కన చేర్చో మనం తెలియజేసే లెక్క సంఖ్య. కనుక 6ను అంకె అనీ అనవచ్చు, సంఖ్య అనీ అనవచ్చు గాని, 33550336 ఎనిమిది అంకెల సంఖ్యే తప్ప అంకె కాదు; దాన్ని అంకె అనడం పదాన్ని అక్షరం అనడం వంటిది. ‘అంకెల గారడీ’ అనే జాతీయాన్ని ఎవరూ దిద్దనక్కరలేదు, కాని గణిత విషయం రాసేటప్పుడు ఈ భేదం పాటించకపోతే అర్థమే మారుతుంది. ఈ సంఖ్యలోని అంకెల మొత్తం 28. అదీ పరిపూర్ణ సంఖ్యే కావడం ముచ్చటైన విషయమే అయినా, 33550336 పరిపూర్ణం కావడానికి కారణం మాత్రం అది కాదు. ఇక్కడ చూడవలసింది కారణాంకాల, అంటే ఆ సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్యల, మొత్తం. ‘కారణాంకం’లోని అంకానికి మాత్రం ఒంటి అంకె అని అర్థం చెప్పుకోరాదు, ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకాలలో ఒకటైన 8191లోనే నాలుగు అంకెలున్నాయి.

ఇక పూర్ణ శబ్దం. గణితంలో దానికి ఎదురుగా నిలిచేది భిన్నం, అంటే విరిగినది. విరగని సంఖ్య పూర్ణ సంఖ్య. సున్నా, -1, -2 వంటి రుణ సంఖ్యలు కూడా ఆ కోవలోనివే. ‘పరి’ అనే ఉపసర్గకు అంతటా, బాగా అనే అర్థాలున్నందువల్ల పరిపూర్ణమంటే మరింత పూర్ణమని తోచడం సహజమే గాని, ఇక్కడ అది పారిభాషిక పదం: తనను తప్పించి మిగిలిన కారణాంకాలన్నిటినీ కూడితే తిరిగి తానే వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య. 1, 2, 3 కలిస్తే 6. మీరు చెప్పిన సంఖ్యకు తాను కాక 25 కారణాంకాలున్నాయి. అవన్నీ కలిస్తే సరిగ్గా 33550336 అవుతుంది. 6, 28, 496, 8128 తర్వాత వచ్చే అయిదో పరిపూర్ణ సంఖ్య ఇదే.

పరిపూర్ణ సంఖ్యలన్నీ పూర్ణ సంఖ్యలే. పూర్ణ సంఖ్యలన్నీ పరిపూర్ణాలు కావు. కాబట్టి ‘మనిషి మాత్రమే కాదు, కవి కూడా’ అన్న వాక్యంలో లేని పునరుక్తి మీ వాక్యంలోనూ లేదు. అయితే మొదటి మాట చెప్పకపోయినా తెలిసేదే కనుక, నేనైతే ‘ఈ పెద్ద సంఖ్య పరిపూర్ణ సంఖ్య’ అని ఊరుకునేవాణ్ణి.

అక్షరాలలో రాయదలిస్తే ‘మూడు కోట్ల ముప్ఫై అయిదు లక్షల యాభై వేల మూడు వందల ముప్ఫై ఆరు’ అనాలి. తర్వాత మరో సంఖ్య వస్తున్నప్పుడు ‘కోట్లు, లక్షలు’ అనే రూపాలు ‘కోట్ల, లక్షల’ అవుతాయి.