పామ్ పిల్లలు నాలుగు, అడ్వాన్సులు రెండు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో మారతహళ్లి దగ్గర అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా పామరేనియన్ (పామ్) కుక్క మల్లికి 14 నెలలు, బరువు 3 కిలోల 200 గ్రాములు. ఈమధ్యే రెండోసారి హీట్‌కి (ఎదకి) వచ్చి తగ్గింది. వచ్చేసారి క్రాసింగ్ చేయించాల్సిందేనని మావారి పట్టు. నాలుగు పిల్లలు, ఒక్కోటి 15 వేలు, మొత్తం 60 వేలని లెక్క. ఆఫీసులో ఇద్దరి దగ్గర ఐదేసి వేలు అడ్వాన్సు కూడా పుచ్చుకున్నారని నిన్ననే తెలిసింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని నేనంటే అత్తయ్య, "నోరులేనిదాని కడుపు కోయిస్తే పాపం. కుక్కకైనా నలుగురు పిల్లలుంటే ఇల్లు కళగా ఉంటుంది" అన్నారు. మాకు ఒక్కతే పాప, ఏడేళ్లు. దానికీ కుక్కపిల్లలు కావాలట. ముగ్గురూ ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు. నాది మొండితనమా?
— ఒక సోదరి, బెంగళూరు

జవాబు: మొండితనం కాదు. కాకపోతే మీరు వాదిస్తున్నది పాపపుణ్యాల మీద, మీవారు లెక్క చెబుతున్నది డబ్బు మీద. ముందు ఆయన లెక్కలోకే వెళ్లండి. అది నిలబడేది కాదు.

మూడు కిలోల పామ్‌కి నాలుగు పిల్లలని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకటి నుంచి మూడు మామూలు. ఒక్కటే పడితే సంతోషించేదేమీ లేదు, కడుపులో చోటంతా దానిదే కాబట్టి బాగా పెరుగుతుంది. ఈ జాతి పిల్లల తల గుండ్రం, తల్లి కటి ఇరుకు. మగది మల్లికంటే పెద్దదైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ. చిన్నజాతి కుక్కలకు సిజేరియన్లు ఎక్కువగా జరిగేది ఇందుకే. మీ డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి స్కానింగు, ఎక్స్‌రే, అర్ధరాత్రి సిజేరియన్, పిల్లల టీకాలు, వీటి ధరలు కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని 60 వేల పక్కన పెట్టి చూడమనండి.

కుక్క మోసేది సుమారు 63 రోజులు. చివరి వారంలో రోజుకు రెండు మూడుసార్లు జ్వరం చూసినట్టు చూడాలి. 101 చుట్టూ ఉండే వేడి 99 ఫారన్‌హీట్ కిందికి జారిందంటే ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోయినా, ఇంకా పిల్లలున్నాయని తెలిసీ రెండు గంటలు గడిచినా, మొదటి పిల్లకు ముందే పచ్చటి నల్లటి ద్రవం కనిపించినా ఇంట్లో కూర్చోకూడదు. అది రాత్రి రెండింటికి కావచ్చు, వానపడ్డ సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి కదలని వేళా కావచ్చు.

పుట్టాక పనంతా మీ మీదే పడేలా ఉంది. పిల్ల బరువు 100, 150 గ్రాములు. వంటింటి తూకం మీద పొద్దునా సాయంత్రం తూచాలి. ఒక రోజంతా బరువు పెరగలేదంటే ప్రమాదం మొదలైనట్టే. మొదటి వారం వాటి పెట్టెలో 30 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, ఎందుకంటే తమ ఒంటిని వెచ్చబెట్టుకోవడం వాటికింకా చేతకాదు. చల్లబడ్డ పిల్లకు పాలు పట్టకూడదు. అరగవు, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. మెల్లగా వెచ్చబరిచాకే పాలు. తల్లికి పాలు పడకపోతే రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్లు కూడా, కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టాలి. ఉత్త ఆవుపాలు చాలవు. మీవారు ఆఫీసుకి వెళ్తారు, సీసా ఎవరి చేతికొస్తుందో ముందే అడగండి.

ఇంకో గండం తల్లికి. ఈనిన రెండు మూడు వారాలకు, పాలు బాగా ఇచ్చేటప్పుడు, రక్తంలో కాల్షియం పడిపోవచ్చు. అప్పుడు వణుకుతుంది, రొప్పుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి. గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, నరంలోకి కాల్షియం ఎక్కించాలి. బలమని చూలు మోసేటప్పుడే కాల్షియం సిరప్ పోస్తుంటారు చాలామంది. దానివల్ల ఒంట్లోని కాల్షియాన్ని తీసుకునే పద్ధతి మందగించి ఈ ముప్పు పెరుగుతుందే గానీ తగ్గదు.

చట్టం సంగతి కూడా చెప్పండి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం పిల్లల్ని అమ్మడానికి కుక్కల్ని పెంచేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టరు చేసుకోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక కాన్పు మించకూడదు, ఎనిమిది వారాలలోపు పిల్లల్ని అమ్మకూడదు. ఇక జాతిని ధ్రువీకరించే కాగితాల మాట. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో తల్లీతండ్రీ ఇద్దరూ నమోదై ఉంటేనే పిల్లలకు కాగితాలు వస్తాయి. మల్లికి లేకపోతే పిల్లలకూ ఉండవు. అసలు మనవాళ్లు పామ్ అనే తెల్లకుక్కల్లో చాలా భాగం పామ్‌ని పోలిన, ఇంకా బరువైన మరో జాతి, ఇండియన్ స్పిట్జ్‌లే. మల్లి బరువు చూస్తే కాకపోవచ్చు, అయినా డాక్టరుని అడగండి.

కుక్కపిల్లల్ని పుట్టించడమే తప్పని నేననను. మోకాలిచిప్ప జారుతోందా, గుండె చప్పుడులో తేడా ఉందా, శ్వాసనాళం మెత్తబడిందా అని ఆడదానికీ మగదానికీ పరీక్ష చేయించి, కొన్నవాళ్లు రెండేళ్ల తర్వాత వద్దన్నా వెనక్కి తీసుకునేవాళ్లకు ఆ అర్హత ఉంటుంది. అద్దె ఫ్లాట్‌లో మీరు తీసుకోగలరా? 2023 లెక్కలో అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ (బీబీఎంపీ) పరిధిలో వీధికుక్కలే సుమారు 2.79 లక్షలు. "మన పామ్‌లు వీధిన పడవు" అంటారు మీవారు. కానీ జంతువుల్ని ఆదుకునే కూపా లాంటి సంస్థల దగ్గర ఇల్లు కోసం చూసేవాటిలో జాతికుక్కలూ ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చిన ఆ ఇద్దరికీ అక్కడి దారి చూపించండి. పదివేలు ఈ వారమే వెనక్కి ఇప్పించండి. అది ఖర్చయిపోయి ఉంటే మాత్రం కోప్పడకుండా ఒక్కమాట అడగండి: "ఇంట్లో డబ్బుకి ఇబ్బందిగా ఉందా?" ఆ మాట మల్లి చాటున దాక్కుని ఉండొచ్చు.

ఆపరేషన్ హీట్ తగ్గిన రెండు మూడు నెలలకు చేయిస్తే మంచిది. ఆ సమయానికి గర్భసంచికి రక్తప్రవాహం తగ్గి ఉంటుంది. ముందు రక్తపరీక్ష. తర్వాత పది పన్నెండు రోజులు మెడకు కోన్ (కుట్లు నాకకుండా వేసే గరాటు లాంటి పట్టీ), స్నానం లేదు, సోఫా మీదికి గెంతనివ్వకూడదు. ఆకలి పెరుగుతుంది, అందుకని తిండి అయిదోవంతు తగ్గించాలి. కొన్నింటికి పెద్దయ్యాక మూత్రం కారే ఇబ్బంది వస్తుంది, అది దాచకూడదు. పాప అడిగేది ఆడుకోవడానికి ఒక చిన్న కుక్కపిల్ల. సంస్థలను కనుక్కుంటే కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకునేందుకు కుక్కపిల్లలను ఇస్తారేమో. టీకాలయ్యాయో లేదో చూసి, మొదటి రెండు వారాలు మల్లికి దూరంగా ఉంచండి.

అత్తయ్యగారి పాపభయానికి జవాబు ఉంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు వయసు పెరిగేకొద్దీ, హీట్ తగ్గిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు, వస్తే చాలావరకు కడుపు కోయక తప్పదు, అదీ ఒంట్లో విషం నిండాక. డాక్టరు నోట వింటే ఆవిడ ఒప్పుకోవచ్చు. కానీ "కుక్కకైనా" అన్న ఆ మాట మల్లి గురించి కాదు, మీకు గుచ్చుకున్నదీ అందుకే. దానికి జవాబు మీవారు చెప్పాలి, మీరు పక్కన లేనప్పుడు, "ఒక్క పాప చాలన్నది మా ఇద్దరి నిర్ణయమమ్మా" అని.

ఆపరేషన్ రోజు ఇంటికి తెచ్చాక మత్తు పూర్తిగా వదిలేదాకా మల్లి వణుకుతూ ఉండొచ్చు. దుప్పటి కప్పి, సాయంత్రందాకా పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ పని అత్తయ్యగారిని అడగండి.