కమిటీ చేతిలో ఏముంది?

ఆటల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫుట్‌బాల్ క్లబ్బుల నిర్వహణలో ఫ్యాన్స్ కమిటీల మాట ఎంతవరకు చెల్లుతుందని తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వరసగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: యూనివర్సిటీ హాస్టల్లో పాతికమందిమి రాత్రిళ్లు మేలుకొని లివర్‌పూల్ మ్యాచ్‌లు చూస్తాం. ఆ క్లబ్బుకు సపోర్టర్స్ బోర్డు ఉందట. మా రూమ్మేటేమో ‘అవన్నీ ఉత్సవ విగ్రహాలురా, మన హీరోల అభిమాన సంఘాల్లాంటివే’ అంటాడు. నిజమేనా?
— పీజీ విద్యార్థి, తిరుపతి

జవాబు: చాలా కమిటీల విషయంలో మీ రూమ్మేటు చెప్పింది నిజమే. హీరోగారి అభిమాన సంఘానికి సినిమా బడ్జెట్ ఎవరూ చూపించరు, దర్శకుణ్ణి మార్చేముందు కబురు చెయ్యరు. మొదటి ఆట టికెట్లలో వాటా, ఫంక్షన్‌కు పాసులు ఇస్తారు. ఆ పాసుల కోసమే సంఘం ప్రెసిడెంటు ఏం జరిగినా నోరు మెదపడు. ఫ్యాన్స్ కమిటీని ఇలాగే ఉంచుకుంటే యజమానికి హాయి. అందుకే ఏ కమిటీ కనబడినా ముందు ఒక్కటి అడగండి: ఈ కమిటీ ‘వద్దు’ అంటే యజమాని ఆగి తీరాల్సిన పని ఏదైనా ఉందా? ఉంటే ఎక్కడ రాసి ఉంది?

లివర్‌పూల్‌లో కొన్ని పనులకు సంబంధించి అలా రాసి ఉంది. అది ఊరికే రాలేదు. 2016లో కొత్త మెయిన్ స్టాండులో కొన్ని టికెట్ల ధర 77 పౌండ్లు చేస్తామన్నారు. ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. మ్యాచ్ ముగిసేసరికి 2-2. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి, ఆ ధర ఎత్తేసి, రెండు సీజన్ల పాటు రేట్లు పెంచబోమన్నారు. 2021 ఏప్రిల్‌లో సూపర్ లీగ్ (యూరప్ పెద్ద క్లబ్బులు కొన్ని తమకోసమే విడిగా పెట్టుకోబోయిన పోటీ) గొడవ వచ్చింది. దాని తర్వాతే సపోర్టర్స్ బోర్డు ఏర్పడింది. అలాంటి పోటీలో చేరాలంటే ఇకమీదట బోర్డు సమ్మతి ఉండాలని క్లబ్ నియమావళిలోనే చేర్చారు. నియమావళిలోకి ఎక్కిన మాటను, మేనేజర్ మారినంత మాత్రాన కొత్తాయన తుడిచెయ్యలేడు.

అయితే టికెట్ ధరకు ఆ రక్షణ లేదు. ధర మీద బోర్డును సంప్రదించాలి, సమ్మతి మాత్రం అక్కర్లేదు. 2024-25 సీజన్‌కు 2 శాతం పెంచినప్పుడు ఫ్యాన్స్ అభ్యంతరం చెప్పారు, కాప్ స్టాండులో జెండాలు కట్టకుండా ఒక మ్యాచ్ గడిపారు. పెంపు ఆగలేదు. సంప్రదింపుకూ సమ్మతికీ తేడా అదే. కాబట్టి మీ రూమ్మేటుకు సగం మార్కులు వెయ్యొచ్చు.

ప్రశ్న: ఫ్యాన్సే తలా కొంచెం వేసుకొని క్లబ్ షేర్లు కొంటే పోదా? వాటాదారుణ్ణి ఎవరు కాదంటారు?
— బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు

జవాబు: కొనవచ్చు. కానీ ఎంత శాతం కొన్నారన్నదే అసలు లెక్క. మీరు బ్యాంకులో ఉన్నారు కాబట్టి ఇది తెలిసే ఉంటుంది. మన 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడింతలు ఉండాలి. అంటే పోలైన ఓట్లలో 25 శాతానికి ఒక్క ఓటు ఎక్కువ మీ చేతిలో ఉంటే నియమావళి మార్పు లాంటి పెద్ద నిర్ణయాలను అడ్డుకోగలరు. పదో వంతు ఉంటే అసాధారణ సమావేశం పెట్టమని డిమాండ్ చెయ్యొచ్చు. బ్రిటన్‌లోనూ ప్రత్యేక తీర్మానానికి 75 శాతమే కావాలి.

ఇప్పుడు వేల్స్‌లోని స్వాన్సీ క్లబ్ సంగతి చూడండి. అక్కడి సపోర్టర్స్ ట్రస్టుకు క్లబ్బులో 21 శాతం వాటా, బోర్డులో కుర్చీ ఉండేవి. ఫ్యాన్స్ యాజమాన్యానికి అందరూ ఆదర్శంగా చూపించిన క్లబ్ అది. 2016లో మిగతా వాటాదారులు 68 శాతం వాటాను అమెరికా ఇన్వెస్టర్లకు అమ్ముకున్నారు. ట్రస్టు ఆ బేరంలో భాగస్వామి కాలేదు, ఆపనూ లేకపోయింది. 25 శాతం ఉన్నా ఆ అమ్మకం ఆగేది కాదు, ఎందుకంటే వాటాదారు తన షేర్లు అమ్ముకోవడానికి ప్రత్యేక తీర్మానం అక్కర్లేదు. చేతిలో షేర్లున్నా అమ్మకానికి తాళం వెయ్యలేకపోయారు. అందుకే వాటాలు కొనేటప్పుడే, ఎవరైనా అమ్మదలిస్తే ముందు మమ్మల్నే అడగాలి, కొనేవాడు అదే ధరకు మావీ కొనాలి అన్న షరతులు వాటాదారుల ఒప్పందంలో గట్టిగా రాయించుకోవాలి. స్వాన్సీలో ఆ ఒప్పందం చెల్లుతుందా లేదా అన్నదాని మీదే ఏళ్ల తరబడి తగువు నడిచింది.

దీనికి తిరగేసిన కథ చెల్సీది. 1993లో పుట్టిన చెల్సీ పిచ్ ఓనర్స్ అనే సంస్థ చేతిలో స్టాంఫర్డ్ బ్రిడ్జ్ మైదానం ఉంది, జట్టు పేరు మీద హక్కూ ఉంది. అప్పట్లో షేరు 100 పౌండ్లు. ఎన్ని షేర్లున్నా ఒక మనిషికి 100 ఓట్లే గరిష్ఠం. 2011 అక్టోబరులో ఆ భూమిని తిరిగి కొనేస్తామని క్లబ్ ముందుకొచ్చింది. అప్పటి యజమాని ప్రపంచ కుబేరుల్లో ఒకరు. ఓటింగులో అనుకూలంగా 61.6 శాతం వచ్చింది, కావాల్సింది 75. బేరం ఆగిపోయింది. క్లబ్బులో ఒక్క షేరు లేకపోయినా కాళ్ల కింది నేల చేతిలో ఉంది కాబట్టి మాట చెల్లింది.

ప్రశ్న: జర్మనీలో టికెట్లు చవకని, క్లబ్బులన్నీ ఫ్యాన్స్‌వేనని చదివాను. అన్నీనా?
— టీచరు, శ్రీకాళహస్తి

జవాబు: అన్నీ కాదు. 1998లో వచ్చిన ‘50+1’ నిబంధన ప్రకారం ఫుట్‌బాల్ కంపెనీలో సగానికి మించిన ఓట్లు సభ్యుల సంఘానికే ఉండాలి. పెట్టుబడిదారుడు ఎంత డబ్బు పెట్టినా ఓటు బలం సభ్యులదే. లెవర్‌కూజెన్‌కు బాయర్ కంపెనీ, వోల్ఫ్స్‌బర్గ్‌కు ఫోక్స్‌వాగన్ పాత సంబంధాల వల్ల మినహాయింపు పొందాయి. లైప్‌జిగ్ దారి వేరు. అక్కడా సంఘం ఉంది, 50+1 ఉంది. కాకపోతే ఓటున్న సభ్యులు రెండు డజన్లకు మించరు, వాళ్లలో ఎక్కువమంది క్లబ్ వెనకున్న రెడ్ బుల్ కంపెనీకి దగ్గరివాళ్లే. నిబంధనలో ప్రతి అక్షరం పాటిస్తూనే దాని ప్రాణం తీసేశారు. నిబంధన రాసేవాళ్లు ‘సభ్యత్వం అడిగినవాళ్లందరికీ ఇవ్వాలి’ అన్న వాక్యం మరిచిపోతే జరిగేది ఇదే.

ఓటు ఉన్నచోట నిరసనకు పదును ఎక్కువ. 2023 డిసెంబరులో లీగ్ మీడియా ఆదాయంలో వాటాను ఇన్వెస్టర్‌కు ఇవ్వడానికి 36 క్లబ్బుల్లో 24 ఒప్పుకున్నాయి, సరిగ్గా మూడింట రెండొంతులు. స్టేడియాల్లో వారాల తరబడి టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు మైదానంలోకి వచ్చిపడ్డాయి, మ్యాచ్‌లు ఆగాయి. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ బేరాన్నే వదులుకుంది. (మన దగ్గర ఇది చెయ్యకండి. బంతి విసిరినవాడి మీద కేసు, కమిటీ మీద నింద మిగులుతాయి.)

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ ఉన్నెప్పుడు మా పిలకాయలంతా ఆ జెర్సీలే యేసుకోని తిరగతా ఉండ్రి. ఇప్పుడది ఢిల్లీకి పోయి పేరు కూడా మారిపాయ. ఇట్ట పోతాంటే ఆపే దావ ఫ్యాన్స్‌కి ఏమన్నా ఉంటాదా?
— ఆటో డ్రైవరు, రేణిగుంట

జవాబు: ఇప్పుడున్న పద్ధతిలో లేదు. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో ఎక్కువ జట్లు ప్రైవేటు కంపెనీల చేతిలో ఉన్న ఫ్రాంచైజీలు. హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2019లో పుణె జట్టు స్థానంలో వచ్చిందే. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది. 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. వచ్చినప్పుడు పుణె వాళ్లకు ఏ హక్కు లేదో, పోయినప్పుడు మనకూ ఆ హక్కే లేదు.

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ జట్టుకు ఇలాగే జరిగింది. 2002 మేలో ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1 తేడాతో దాన్ని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలనిచ్చింది. ఫ్యాన్స్ కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. అట్టడుగున తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు, 2020లో సొంత పేటకు, ప్లవ్ లేన్‌కు తిరిగొచ్చారు. ఇన్నేళ్లకు చట్టం కూడా కదిలింది. 2025 జూలైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం ప్రకారం మైదానం మారాలంటే కొత్త రెగ్యులేటర్ అనుమతి కావాలి. చిహ్నం, సొంత జెర్సీ రంగు మార్చాలంటే ఫ్యాన్స్‌లో ఎక్కువమంది మద్దతు ఉందని చూపాలి. మన దేశంలో ఇలాంటిది లేదు.

అయినా కోల్‌కతా సంగతి తెలుసుకోండి. మోహన్ బగాన్ ఫుట్‌బాల్ కంపెనీలో 80 శాతం వాటా పారిశ్రామికవేత్త గోయెంకా గ్రూపుది, పాత క్లబ్బుది 20 శాతమే. 2020లో పేరు ముందు ‘ఏటీకే’ (ఆ గ్రూపుకు అంతకుముందున్న జట్టు పేరు) తగిలించారు. ఫ్యాన్స్ దాన్ని తియ్యమని మూడేళ్లు పట్టుబట్టారు. 2023 మార్చిలో కప్పు గెలిచిన రాత్రే ఏటీకే పోతుందని యజమాని ప్రకటించారు. వాటా లెక్కలో ఓడినవాళ్లు పట్టుదల లెక్కలో గెలిచారు. కేరళలో మంజప్పడ అనే ఫ్యాన్స్ సంఘం 2024 చివర ‘టికెట్లు కొనం, అమ్మం’ అని తేల్చి చెప్పింది. ఆ తర్వాత కొద్ది వారాలకే బ్లాస్టర్స్ క్లబ్ ఫ్యాన్ అడ్వైజరీ బోర్డు పెడతామంది. పేరులోనే ‘అడ్వైజరీ’ ఉందన్నది గమనించాలి.

ప్రశ్న: మా ఊరి క్లబ్బుకు మైదానం ఉంది, స్పాన్సర్ ఉన్నారు, మ్యాచ్‌కు నాలుగైదు వందల మంది వస్తారు. ఫ్యాన్స్ కమిటీ పెట్టాలనుకుంటున్నాం. ఇప్పటికైతే వాట్సాప్ గ్రూపే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— వ్యాపారి, పలమనేరు

జవాబు: ముందు వాట్సాప్ గ్రూపు అడ్మిన్, కమిటీ ప్రెసిడెంటు ఒకరే కాకుండా చూడండి. సగం కమిటీలు అక్కడే చెడతాయి. నచ్చని ప్రశ్న అడిగినవాణ్ణి గ్రూపులోంచి తీసేస్తారు, సభ్యత్వమూ పోయినట్టే అవుతుంది.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు ఉంటే చాలు. ఆశయపత్రం, బైలాలు, ఏడుగురి గుర్తింపు పత్రాలు, ఆఫీసు చిరునామాకు రుజువుతో జిల్లా రిజిస్ట్రారుకు దరఖాస్తు చెయ్యాలి. సర్టిఫికెట్ వచ్చాక సొసైటీ పేరున పాన్ కార్డు, ఆ తర్వాత ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలే బ్యాంకు ఖాతా. రిజిస్టర్ కాని కమిటీతో క్లబ్ ఒప్పందం రాసుకోదు, రాసుకున్నా రేపు కోర్టులో నిలబెట్టడం కష్టం.

బైలాల దగ్గర తొందరపడొద్దు. అసలు పని అక్కడే ఉంది. ఏడాదికి వంద రూపాయల చందా, ఒక మనిషికి ఒకే ఓటు. ఎన్నికకు 90 రోజుల ముందు చేరినవాళ్లకే ఓటు. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఎన్నికకు వారం ముందు స్పాన్సర్ మనుషులు ట్రాక్టర్లో వచ్చి నూటయాభై మంది చేరిపోతారు. తొమ్మిది మంది కమిటీ, రెండేళ్ల పదవి, వరసగా రెండు సార్లకు మించి ఉండకూడదు. క్లబ్బులో జీతం తీసుకునేవారు, క్లబ్బుకు సరుకు అమ్మేవారు పోటీ చెయ్యకూడదు. (మీరు వ్యాపారి కాబట్టి చెప్తున్నాం: జెర్సీలు మీ షాపు నుంచే పోతుంటే మీరు కమిటీలో ఉండొద్దు.) సర్వసభ్య సమావేశానికి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మూడో వంతు కోరం ఉండాలి.

ఆ తర్వాత క్లబ్బుతో రాతపూర్వక ఒప్పందం. మూడు నెలలకోసారి సమావేశం, అజెండాలో సగం అంశాలు కమిటీవి, అడిగినదానికి 21 రోజుల్లో లిఖిత జవాబు, మినిట్స్ మీద ఇద్దరి సంతకాలు, వారంలోగా నోటీసు బోర్డులో అతికించడం. అజెండా మొత్తం క్లబ్ చేతిలో ఉంటే ఏడాది పొడుగునా టాయిలెట్లు, స్కూటర్ పార్కింగ్ గురించే మాట్లాడతారు. అవీ ముఖ్యమే, కానీ వాటి మాటున మైదానం లీజు చేతులు మారిపోవచ్చు. సమ్మతి తప్పనిసరి అనే జాబితా చిన్నదిగా పెట్టుకోండి: పేరు, రంగు, చిహ్నం, మైదానం. నాలుగే. ఆటగాళ్ల ఎంపిక, కోచ్ జోలికి పోవద్దు. పోతే ‘వీళ్లకు అన్నీ కావాలి’ అని చెప్పి అసలు నాలుగూ కొట్టిపారేస్తారు.

క్లబ్ కంపెనీగా రిజిస్టరై ఉంటే లెక్కల కోసం బతిమాలనక్కర్లేదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో వంద రూపాయలు కట్టి పబ్లిక్ డాక్యుమెంట్లు చూడొచ్చు. ఏఓసీ-4 ఫారంలో బ్యాలెన్స్ షీటు, ఎంజీటీ-7లో వాటాదారుల వివరాలు ఉంటాయి. మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకొని చదివితే సమావేశంలో ప్రశ్నే మారిపోతుంది. ‘టికెట్ ఎందుకు పెంచారు?’ అంటే ‘ఖర్చులు పెరిగాయి’ అంటారు, అంతటితో అయిపోతుంది. ‘టికెట్ల మీద ఇంత వచ్చింది, డైరెక్టర్లు ఇచ్చిన అప్పు మీద వడ్డీకి ఇంత పోయింది, ఏ రేటుకు?’ అని అడిగితే అకౌంటెంట్ ఫోన్ చెయ్యాల్సి వస్తుంది.

గోప్యత కాగితం మీద సంతకం పెట్టమంటారు, జాగ్రత్త. ఆటగాళ్ల జీతాలు, నడుస్తున్న బేరాల వరకైతే సరే, అదీ గడువుతో. అన్నింటికీ అంటే ఒప్పుకోవద్దు. లోపల విన్నది చెప్పలేక, బయట అడిగినవాళ్లకు జవాబివ్వలేక కమిటీ నలిగిపోతుంది. ఆరు నెలల్లో సభ్యులే మిమ్మల్ని అమ్ముడుపోయారంటారు.

ప్రశ్న: క్లబ్ మొత్తం ఫ్యాన్స్ చేతికొస్తే అంతా బాగుపడుతుందా?
— రిటైర్డ్ ఉద్యోగి, చిత్తూరు

జవాబు: పోర్ట్స్‌మత్‌ను 2013లో ఫ్యాన్స్ ట్రస్టు దివాలా నుంచి కొని బతికించింది. షేరు వెయ్యి పౌండ్లు. అప్పులు తీర్చారు, 2017లో నాలుగో డివిజన్ గెలిచారు. అదే ఏడాది పాత స్టేడియం మరమ్మతులకు కావాల్సిన డబ్బు తమవల్ల కాదని లెక్క చూసుకొని, ఓటు వేసి మరీ అమెరికా వ్యాపారికి అమ్మేశారు. బార్సిలోనా సభ్యులదే, అప్పు మాత్రం వంద కోట్ల యూరోలు దాటింది. అయితే అక్కడి సభ్యులు 2020లో ఇరవై వేలకు పైగా సంతకాలు సేకరించి అవిశ్వాసం పెట్టగానే అధ్యక్షుడు ఓటింగు దాకా ఆగకుండా అక్టోబరు 27న రాజీనామా చేశాడు. సభ్యులదే సంస్థ అయినంత మాత్రాన లెక్కలు వాటంతటవే సరిపోవని మూతపడిన సహకార చక్కెర ఫ్యాక్టరీని చూసిన చిత్తూరు వాళ్లకు మేం చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మా కమిటీ కార్యదర్శిని క్లబ్ ‘గౌరవ సలహాదారు’గా తీసుకుంటామంది, నెలకు కొంత పారితోషికం కూడా. కమిటీలోనూ కొనసాగవచ్చా?
— పేరు వద్దు, పుత్తూరు

జవాబు: కొనసాగకూడదు. ఆయన ఆ పని ఒప్పుకున్న రోజే కమిటీకి రాజీనామా ఇవ్వాలి. రిజిస్టర్లు, చెక్కు పుస్తకం, ఈమెయిల్ పాస్‌వర్డు అప్పగించిన తేదీ మినిట్స్‌లో రాయండి. బ్యాంకులో సంతకం మార్పు ఆ వారంలోనే చేయించండి.