గాజుబట్ట లోపలికి చూడనిచ్చినంతసేపే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంట్లో కట్టుకునే చిన్న విమానాల గురించే. ఫోమ్ దిమ్మను రెక్క ఆకారంలో కోసి, దాని మీద ఎపాక్సీతో (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్‌తో) గాజుబట్ట, అంటే ఫైబర్‌గ్లాస్ బట్ట, పరిచి గట్టిపరిచే పద్ధతి ఇది. అచ్చులు అక్కర్లేదు కాబట్టి ఇంటి షెడ్డులోనే చేసుకోవచ్చు. బర్ట్ రుటాన్ గీసిన వేరీఈజీ 1975లో ఎగిరాక అమెరికాలో వేలమంది ఈ పని నేర్చుకున్నారు. ఆయనదే తర్వాతి డిజైను లాంగ్‌ఈజీ. దాని ఆధారంగా బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్.ఎ.ఎల్. వాళ్లు కట్టిన చిన్న విమానం 1987లో ఎగిరింది. నేను బెంగళూరులో ముప్పై ఏళ్లు లేఅప్ పని (ఇలా పొరలు పరిచే పని) చేసి ఇప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటున్నాను. నా చేతులతో చేసి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది కరకంబాడి దారిలో రేకుల షెడ్డు. నవంబరు వానల్లో రెక్క పైభాగం మీద రెండు పొరలు వేశాం. తెల్లారి చూస్తే గట్టిపడింది గానీ, చేత్తో తడిమితే జిడ్డుగా ఉంది. అసిటోన్‌తో తుడిచి మూడో పొర వేసేయొచ్చా? త్వరగా గట్టిపడాలంటే ఈసారి హార్డెనర్ కొంచెం ఎక్కువ కలపొచ్చా?
– రేణిగుంట పాఠకుడు

జవాబు: రెండూ వద్దు నాయనా. ముందు ఒక పరీక్ష చెయ్యండి. ఆ జిడ్డు ఉన్నచోట గోటితో గట్టిగా నొక్కండి. గోరు దిగకపోతే లోపల గట్టిపడినట్టే, పైన ఉన్నది పొర మాత్రమే. గోరు దిగి గుర్తు పడితే మాత్రం అది వేరే జబ్బు. కలిపిన పాళ్లు తప్పాయి, లేదా గిన్నె అడుగున కలవకుండా మిగిలింది. అలాంటిది వారం ఆగినా గట్టిపడదు, ఆ పొరలు తీసేయాల్సిందే.

గోరు దిగలేదనే అనుకుందాం. హార్డెనర్‌లో ఉండే అమీన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతోనూ బొగ్గుపులుసు వాయువుతోనూ కలిసి, మైనం లాంటి పొరగా పైకి తేలతాయి. మన దగ్గర ఈశాన్య రుతుపవనాలు పట్టుకున్నాయంటే రేకుల షెడ్డులో ఇది తప్పదు. డబ్బాలో పెట్టిన అప్పడాలు కూడా మెత్తబడే రోజులవి. ఈ మైనం నీళ్లలో కరుగుతుంది, అసిటోన్‌తో మాత్రం పోదు. తుడిచే గుడ్డతో ఇంకా నాలుగు మూరలు పులుముకుంటుంది, అంతే. గోరువెచ్చని నీళ్లు పోసి, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో రుద్ది కడగండి. గుడ్డ మార్చి మార్చి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాతే 80 నంబరు ఉప్పు కాగితం పట్టాలి. కడగకముందే రుద్దితే ఆ మైనం గీతల్లోకి ఎక్కి కూర్చుంటుంది. దాని మీద వేసిన పొర చూడటానికి బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు అరటిపట్టలా ఊడివస్తుంది.

ఇక హార్డెనర్ మాట. ఎపాక్సీలో అది తోడు పెట్టే మజ్జిగ లాంటిది కాదు, ఇంత ఎక్కువ వేస్తే త్వరగా తోడుకుంటుంది అనుకోవడానికి. రెండూ లెక్క ప్రకారం జతపడతాయి. ఎక్కువైన హార్డెనర్‌కు జత దొరక్క లోపలే మిగిలిపోయి పొరను బలహీనం చేస్తుంది. డబ్బా మీద రాసిన పాళ్లకు కాటా మీద తూచే కలపాలి, కంటి అంచనా పనికిరాదు. వేగం కావాలంటే అదే కంపెనీ వేగంగా పట్టే హార్డెనర్ అమ్ముతుంది, అది కొనుక్కోండి. వానల్లో మీరు మార్చాల్సింది గది. ఒక మూలన ప్లాస్టిక్ పట్టాలతో చిన్న గది కట్టి, లోపల రెండు పెద్ద బల్బులు వెలిగించి ముందు రోజు రాత్రి నుంచీ ఉంచండి. గాలి వెచ్చబడితే తేమ శాతం తగ్గుతుంది. గాజుబట్ట చుట్టనూ, హార్డెనర్ డబ్బానూ అందులోనే పెట్టుకోండి. తేమ కొలిచే చిన్న మీటరు తెచ్చి గోడకు తగిలించండి. 70 శాతం దాటిన రోజు నేను బ్రష్షు ముట్టుకోను.

ప్రతి లేఅప్ మీదా పీల్ ప్లై వెయ్యండి. అది పాలిస్టర్ బట్ట. ఎపాక్సీ తడిగా ఉండగానే పైన పరిచి, గట్టిపడ్డాక లాగేస్తాం. పైకి తేలిన మైనం చాలావరకు దానితోపాటే వచ్చేస్తుంది. అయితే ఒక జాగ్రత్త. నేను పనిలో చేరిన రెండో ఏడు, ఒక రడ్డర్ (తోక దగ్గర విమానాన్ని పక్కకు తిప్పే పలక) మీద 14 ముక్కల పీల్ ప్లై కత్తిరించి వేశాను. మర్నాడు లాగేసి, సాయంత్రం దాకా పై పొరలు పరిచాను. ఇంటికి బయలుదేరబోతూ చెత్తడబ్బాలోని ముక్కలు లెక్కపెడితే 13. తడిసిన పీల్ ప్లై గాజుబట్టలో కలిసిపోయి కంటికి కనబడదు. లైట్లన్నీ ఆర్పి, టార్చి అడ్డంగా పట్టి వెతికాను. కీలు దగ్గర జానెడు ముక్క, అంచు దారం ఒక్కటి మెరిసింది. పై పొర ఇంకా తడిగానే ఉంది కాబట్టి ఎత్తి లాగేయగలిగాను. తెల్లారి ఉంటే ఆ జానెడు మేర రెండు పొరలకూ అతుకే ఉండేది కాదు, అదీ కీలు దగ్గర. ఆరోజు నుంచి ఈరోజు దాకా కత్తిరించినవీ లాగినవీ పుస్తకంలో రాస్తాను. మీరు కొనేటప్పుడు రంగు దారం నేసిన పీల్ ప్లై అడిగి తీసుకోండి.

ప్రశ్న: అన్నా, మేం ఫైబర్ బొమ్మలు, నీళ్ల ట్యాంకులు చేస్తాం. పాలిస్టర్ రెసిన్ మాకు డ్రమ్ముల్లో చవగ్గా వస్తుంది. ఎపాక్సీ అంత డబ్బు పెట్టి ఎందుకు? ఫోమ్ ఏదైనా వేడి తీగతో కోసుకోవచ్చా?
– శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: తమ్ముడూ, మీ చేతిలో లేఅప్ పని ఉంది, అది పెద్ద ఆస్తి. రెసిన్ మాత్రం మార్చుకోవాలి. ఇంటి విమానాల రెక్కలకు వాడే నీలిరంగు ఫోమ్ పాలీస్టైరీన్. పాలిస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది ఆ ఫోమ్‌ను కరిగించేస్తుంది. ఒక ముక్క మీద చెంచాడు పోసి చూడండి, నీళ్లు పడ్డ బెల్లంలా గుంట పడుతుంది. వినైల్ ఎస్టర్ రెసిన్‌లోనూ స్టైరీన్ ఉంటుంది కాబట్టి అదీ కుదరదు.

వేడి తీగ పాలీస్టైరీన్‌కు మాత్రమే. యురెథేన్ ఫోమ్‌ను దానితో ఎట్టి పరిస్థితిలోనూ కోయొద్దు. అది కాలితే వచ్చే పొగ విషం. దాన్ని కత్తితో, రంపంతో చెక్కుకోవాలి. పాలీస్టైరీన్ కోసేటప్పుడు కూడా తలుపులు తీసి పెట్టండి. దిమ్మకు రెండు చివరలా రెక్క ఆకారపు పలకలు కొట్టి, అంచు పొడవునా అంకెలు వేసుకోండి. రెండు పలకల సైజు వేరు కాబట్టి ఇద్దరి చేతులూ ఒకే వేగంతో కదిలితే పని చెడుతుంది, ఒకే అంకె దగ్గర ఉండాలి. ఒకరు పైకి చదవాలి: ‘ఒకటీ... రెండూ... రెండున్నర...’ తీగను లాగొద్దు, దాని బరువుకు అది దిగాలి. తొందరపడితే మధ్యలో తీగ వెనకబడి రెక్క నడుమ గుంట వస్తుంది.

పెట్రోలు ట్యాంకు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పెట్రోలు కూడా పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, కొన్ని ఎపాక్సీలను అది మెత్తబరుస్తుంది. మీ ఎపాక్సీతో చేసిన చిన్న పలకను పెట్రోలు సీసాలో మూడు నెలలు నానబెట్టి, తీసి గోటితో నొక్కి చూశాకే ట్యాంకు పని మొదలెట్టండి.

ప్రశ్న: అయ్యా, మా ఆయన ఏడాదిగా ఈ పనిలోనే ఉన్నారు. రెండు నెలలుగా మణికట్ల దగ్గర, కనురెప్పల మీద దద్దుర్లు, దురద. థిన్నర్‌తో చేతులు కడుక్కుంటారు. చెప్తే వినరు. మీరైనా రాయండి.
– పీలేరు పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ జవాబును ఆయనకు చదివి వినిపించండి. ఎపాక్సీ పడకపోవడం ఒకసారి మొదలైతే సాధారణంగా వెనక్కి పోదు. తర్వాత డబ్బా మూత తీసినా దద్దుర్లు వచ్చేవాళ్లను చూశాను. నాతో పనిచేసిన ఇద్దరు మంచి పనివాళ్లు దీనివల్లే ఈ పని పూర్తిగా వదులుకున్నారు. థిన్నర్ రెసిన్‌ను పల్చబరిచి చర్మం లోపలికి పంపుతుంది, వెంటనే మానెయ్యాలి. సబ్బు, నీళ్లు చాలు. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని, అంటుకోగానే మార్చాలి. పొడుగు చేతుల చొక్కా ఉండాలి. పూర్తిగా గట్టిపడకముందు రుద్దిన దుమ్ము మరీ చెడ్డది, మాస్కు లేకుండా రుద్దకూడదు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. ప్రస్తుతానికి పని ఆపించి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఎపాక్సీ డబ్బా మీది కాగితం కూడా వెంట పట్టుకెళ్లండి. రెక్క ఎక్కడికీ పోదు.

ప్రశ్న: సార్, ముదురు నీలం రంగు వేయాలని మా అబ్బాయి పట్టు. ఇలాంటి విమానాలన్నీ తెల్లగానే ఎందుకుంటాయి?
– పుత్తూరు పాఠకుడు

జవాబు: ఎండ వల్ల. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 60, 70 డిగ్రీల దగ్గర బలం కోల్పోవడం మొదలెడతాయి, లోపలి పాలీస్టైరీన్ 75 ప్రాంతంలో ఆకారం చెడుతుంది. రోహిణి కార్తెలో మా మేడ మీద రంగు వేసిన పలకలు పెట్టి మధ్యాహ్నం చూశాను. తెల్లదాని మీద చెయ్యి ఆనించి ఉంచగలిగాను, ముదురు నీలం మీద పెట్టిన చెయ్యి వెంటనే తీసేశాను. అబ్బాయి ముచ్చట తీరడానికి తోక మీద, రెక్క చివర సన్న గీత వేసుకోండి. రెక్క పైభాగం తెల్లగానే ఉండనివ్వండి.

ప్రశ్న: సార్, బెంగళూరులో ఒకాయన సగంలో వదిలేసిన రెక్కలు కొన్నాను. పూత పూసి, రుద్ది, ప్రైమర్ దాకా చేసి ఇచ్చారు. చాలా నున్నగా ఉన్నాయి. ఒక రెక్క మొదట్లో అరచేయంత మేర తడితే శబ్దం తేడాగా ఉంది. సూదితో ఎపాక్సీ ఎక్కిస్తే సరిపోతుందా?
– చిత్తూరు పాఠకుడు

జవాబు: మీ చెవి మంచిది. దాన్నే ఇంకా వాడండి. రూపాయి బిళ్ల తీసుకుని, అంగుళానికో దెబ్బ చొప్పున రెక్క మొత్తం తట్టండి. మన ఆడవాళ్లు సంతలో కుండను వేలితో కొట్టి కొనడం చూసే ఉంటారు, అదే విద్య. అతుకు బాగున్నచోట ఖంగుమని తేలికగా పలుకుతుంది. పొర విడిచినచోట మొద్దుగా ‘దబ్’మంటుంది. తేడా ఉన్న ప్రతిచోటా పెన్సిల్‌తో చుట్టుగీత గీసి, తేదీ వెయ్యండి. నెల తర్వాత మళ్లీ తట్టినప్పుడు ఆ గీత దాటిందంటే విడిచింది పెరుగుతోందన్నమాట. ఎగిరే విమానాలకు కూడా ఏటేటా ఈ పరీక్ష చేస్తారు.

సూది వద్దు. విడిచిన పొరల మధ్య దుమ్మో మైనమో తేమో ఉంటుంది. దాని మీద ఎక్కించిన ఎపాక్సీ అతుక్కోదు, శబ్దాన్ని మాత్రం సరిచేస్తుంది. అంటే మీకు సాక్ష్యం చెప్పే ఒక్కదాన్నీ నోరు మూయించినట్టవుతుంది.

నాకు నిజంగా బాధ కలిగించింది ఆ ప్రైమర్. గాజుబట్ట ఎపాక్సీలో బాగా తడిస్తే అద్దంలా ఉంటుంది, కింద ఫోమ్ రంగు స్పష్టంగా కనబడుతుంది. గాలి చిక్కినచోట, తడి చాలనిచోట తెల్లగా మచ్చ కడుతుంది. కార్బన్ బట్టతో ఈ వీలు లేదు, అది నల్లటి గోడ. గాజు మాత్రం తన లోపలి తప్పును తానే చూపిస్తుంది, అయితే పైన పూత పడేదాకానే. అందుకే పూత పూయకముందు పగటి వెలుతురులో, అడ్డంగా లైటు పట్టి, మరొకరి కళ్లతో కూడా చూపించి ఫోటోలు తీసుకోవాలి. అమ్మినాయన దగ్గర ఆ ఫోటోలు, పని పుస్తకం, ప్రతి లేఅప్‌తో పాటు చేసిన పరీక్ష ముక్కలు ఉన్నాయేమో అడగండి.

ఉంటే, మొద్దుగా పలికినచోట పూత రుద్ది గాజు దాకా దిగండి. చెడిన పొరలు తీసి, చుట్టూ ఒక్కో పొరకు కనీసం అంగుళం చొప్పున వాలుగా రుద్ది, తీసినన్ని పొరలు, అవే దిశల్లో తిరిగి వెయ్యాలి. అయితే ఆ చోటు స్పార్ (రెక్క బరువంతా మోసే లోపలి దూలం) మీద ఉందో పక్కన ఉందో డ్రాయింగు తెచ్చి కొలవండి. రెక్క మొదట్లో స్పార్ మీదికి అది ఒక్క అంగుళం వచ్చినా మీరు చెయ్యి పెట్టొద్దు, డిజైను చేసినవాళ్లను అడగాల్సిందే.

పుస్తకమూ ముక్కలూ ఏవీ లేకపోతే, ఆ రెక్కలతో ఎగరొద్దని మిమ్మల్ని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. డబ్బు పోయిందన్న బాధ నాకు అర్థమవుతుంది. వాటి కొలతలు పలకలకు పనికొస్తాయి, లోహపు ఫిట్టింగులు పరీక్షించి వాడుకోవచ్చు. ఫోమూ గాజుబట్టా మళ్లీ కొనుక్కోవచ్చు.

ప్రశ్న: తాతగారూ, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా మేడ మీద ఇద్దరు కూర్చునే విమానం కట్టాలని ఉంది. అనుమతి ఇస్తారా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– చంద్రగిరి పాఠకుడు

జవాబు: ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ తన ఇంటి మేడ మీద ఆరుగురు పట్టే విమానం కట్టారు. 2017లో దానికి రిజిస్ట్రేషన్ వచ్చింది. అయితే అది లోహంతో కట్టింది, పైగా ఆ అనుమతుల వెనక ఏళ్ల తిరుగుడు ఉంది. విమానాలకు అనుమతులిచ్చే డీజీసీఏకు మొదటి ఫోమ్ దిమ్మ కొనకముందే రాయండి. కట్టేశాక రాస్తే, మూసేసిన రెక్క లోపల ఏముందో వాళ్లకు చూపించలేరు.

మేడ మీద ఎండలో మన పని సాగదు నాయనా. ఎండ తగిలితే ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది. వేసవిలో గిన్నెలో కలిపిన పావు కిలో ఎపాక్సీ పది నిమిషాల్లో వేడెక్కి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసుకుంటే కాస్త ఆగుతుంది. కింద నీడపట్టున గది చూసుకోండి.

మొదలుపెట్టడానికి విమానం అక్కర్లేదు. అడుగు పొడవు నీలం ఫోమ్ ముక్క, దానికి రెండు వైపులా రెండేసి పొరలు గాజుబట్ట. బట్టను తూచండి, దాదాపు అంతే బరువు ఎపాక్సీ పట్టాలి. ఎక్కువైతే బరువే గానీ బలం కాదు. వారం ఆరనిచ్చి, ఒక అంచున ఉలి దూర్చి పొరను లేపండి. గాజు శుభ్రంగా ఊడివస్తే అతుకు పట్టలేదు. ఫోమ్‌ను చీల్చుకుంటూ వస్తే పట్టింది. ఆ ముక్కను పారేయకుండా మీరు తూచిన లెక్కలతో కలిపి నాకు పంపండి. అంచు చూశాక మిగతా జవాబు రాస్తాను.