రాజీనామా రాసే ముందు

అమ్మా,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన రెండు కథలూ అందాయి. కథల సంగతి చివర్లో చెబుతా. గ్రామ సచివాలయం ఉద్యోగం మానేసి పూర్తిగా రాసుకుంటూ బతకాలనుంది, నేను పుట్టిందే రాయడానికి అనిపిస్తోంది, ఆఫీసులో కూర్చున్నంతసేపూ ఊపిరాడట్లేదు అన్నావు. ఇంట్లో ఎలా చెప్పాలని టెన్షన్ కూడా పడుతున్నావు. నన్ను అడుగుతున్నది సరే అనమనా, వద్దనమనా అన్నది ఎన్నిసార్లు చదివినా తేలలేదు. రెండూ అనను.

నీ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మీ జేజినో అబ్బనో నీకు ఏ పని ఇష్టం అని ఒక్కరైనా అడిగి ఉంటారా? ఇంట్లో మగ్గం ఉంటే మగ్గం, సారె ఉంటే కుండలు, నాలుగెకరాల చేనుంటే వానకోసం చూస్తూ చెనక్కాయ. ఏ ఇంట్లో పుడితే ఆ ఇంటి పనే. 'కులవృత్తికి సాటిరాదు గువ్వలచెన్నా' అని మనవాళ్ళు ఎంత ముచ్చటగా చెప్పుకుంటారో చూడు. ఆ గువ్వలచెన్న శతకం రాసిన కవి మన వైపువాడే అంటారు. రాయచోటి పోతూ గువ్వలచెరువులో బస్సాగి పాలకోవా కొన్నప్పుడల్లా ఆ పద్యం గుర్తొచ్చి నాకు కాస్త చిరాకేస్తుంది, ఎందుకంటే బయటికి పోయే దారి లేనివాళ్ళ దగ్గర నిలబడి నీ పనే గొప్పది అని పొగడటం ఎంత సుఖమైన పనో నాకు తెలుసు. కాబట్టి నేను ఏ పనికి పుట్టాను అని అడగగలగడమే మీ ఇంట్లో నీతో మొదలైంది. అది చిన్న సంగతి కాదు.

ఇక్కడి నుంచే నీతో నాకు పేచీ. నువ్వు పిలుపు అంటున్నది నీ లోపలి ఇష్టాన్ని. రాస్తుంటే హాయిగా ఉంటుంది, రాయకపోతే దిగులుగా ఉంటుంది, కాబట్టి ఇదే నా పని అంటున్నావు. హాయి వస్తుంది, పోతుంది. మూడో పేజీ దగ్గర కథ మొండికేసినప్పుడు హాయి ఎక్కడా కనిపించదు, అప్పుడు ఇది నా పని కాదని తేల్చుకుంటావా? నాకు తెలిసినంతలో పిలుపు లోపలి నుంచి రాదు. బయట ఒక పని పడి ఉంటుంది, ఎవరూ చేయకుండా, పాడైపోతూ. దాన్ని చూసీ చూడనట్టు పోలేకపోవడమే పిలుపు.

కడపకు వచ్చినప్పుడు ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి పో. 1820లో సి.పి. బ్రౌన్ ఈ ఊరికి వచ్చింది తెలుగును ఉద్ధరించడానికి కాదు, ఈస్టిండియా కంపెనీ కొలువుకు. కలెక్టరు కింద శిస్తు లెక్కలు, తర్వాత వేరే ఊళ్ళలో కోర్టు తగాదాలు, జీతం వాటికే. ఇక్కడివాళ్ళతో మాట్లాడి పని జరుపుకోవాలి గనక తెలుగు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఆయన కంటపడింది ఏమిటంటే, తాళపత్రాలు చెదలకు పోతున్నాయి, ఒకే కావ్యానికి నాలుగు ప్రతులుంటే నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నాయి, వేమన పద్యాలు జనం నోళ్ళలో ఉన్నాయే గానీ వాటిని వరుసగా పేర్చి అచ్చేసినవాడు లేడు. అంతే. కడపలో బంగళా కొని, పండితులను పెట్టుకొని, వాళ్ళకు తన జీతంలోంచి జీతాలిచ్చి, ప్రతి పక్కన ప్రతి పెట్టి తప్పులు దిద్దించి మేలుప్రతులు రాయించాడు. చాలకపోతే అప్పులు చేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి, 1852లో నిఘంటువు వచ్చింది. ఆయనేమీ దేవుడు కాదులే, మన నెత్తిన కూర్చున్న కంపెనీ మనిషే, అది మరచిపోయి పూలదండలు వేయాల్సిన పని లేదు. ఆయనకు తెలుగంటే ప్యాషన్ అని మీటింగుల్లో చెబుతుంటారు. చెదపురుగు తింటున్న ఆకు ముందు కూర్చున్నవాడు నాకు ఇది ఇష్టమా కాదా అని ఆలోచించి ఉంటాడని నేననుకోను.

ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది.

మీ అనంతపురం జిల్లాకే వస్తే, తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ పగలు కోర్టులో నల్లకోటు, రాత్రి రంగస్థలం. పెద్ద ప్లీడరు, ఇంకా పెద్ద నటుడు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం పత్రికాఫీసులో రోజువారీ రాతలు రాసి ఇల్లు నడుపుకున్నాడు, ఆ మధ్యలోనే 'పెన్నేటి పాట' కావ్యం రాశాడు. నీళ్ళు లేని పెన్నను, దాని ఒడ్డున ఎండిన బతుకులను ఎవరో ఒకరు రాయాలి గదా. ఉద్యోగం అడ్డమని వీళ్ళు ఆగలేదు. అలాగని ఉద్యోగంలో ఉంటేనే మంచి రచన వస్తుందని కూడా నేననను, అదొక మూఢనమ్మకం. కొలువే చేయకుండా అద్భుతంగా రాసినవాళ్ళున్నారు, కొలువు మానేసి ఒక్క వాక్యం రాయనివాళ్ళూ ఉన్నారు. నేను పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చొని బతికినవాణ్ణి, అక్కడ కూర్చున్నందువల్ల నా కథలు బాగుపడ్డాయని గానీ చెడ్డాయని గానీ చెప్పలేను.

నీ ఉత్తరంలో ఒకచోట విసుక్కుంటూ నాలుగు లైన్లు రాశావు. ఒకటో తారీఖు తెల్లవారకముందే పింఛన్ల డబ్బు సంచిలో పెట్టుకొని ఇల్లిల్లూ తిరగాలని, ముసలోళ్ళకు మిషన్ మీద వేలిముద్ర పడదని, ఒకామె కొంగుతో వేలు తుడుచుకొని మళ్ళీ పెట్టి, మళ్ళీ తుడుచుకొని, చివరికి 'నేను నేనే పాపా, రాసుకో' అన్నదని. జన్మంతా కలుపు తీసి, కాయ వొలిచి గీతలరిగిన వేళ్ళు, తాను తానేనని ఒక పెట్టెకు రుజువు చేసుకోవాల్సి రావడం. నీ రెండు కథల్లోనూ ఆ ఒక్క మాటకు సాటి వచ్చేది లేదు. ఆ మిషన్‌కు ఇవతల వైపు నిలబడ్డ మనిషి రాసిన కథ నేనింతవరకు చదవలేదు. ఆమె వైపు నిలబడి జాలిపడుతూ రాసినవి చాలా చదివాను.

కానీ ఒక మాట. ఆమెను చూసి కథ దొరికిందని సంబరపడకు. ముందు ఆమెకు ఆ నాలుగు వేల రూపాయల పింఛను అందాలి. వేలిముద్ర పడకపోతే ఇంకే దారుందో కనుక్కొని ఆ పని పూర్తిచేసి రా. ఆ పనిని ఈసడించుకుంటూ చేసే మనిషికి ఆమె ఎలా కనిపిస్తుందో, శ్రద్ధగా చేసే మనిషికి ఎలా కనిపిస్తుందో, అది కథలో తెలిసిపోతుంది.

డబ్బు గురించి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు గనక. తెలుగులో కథలు రాసి ఇల్లు గడవదు. ఐదు వందల కాపీలు సొంత డబ్బుతో వేయించి, సగం ఊరికే పంచి, మిగతావి అటక మీద పెట్టిన మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. అది నీకూ తెలుసు. నీకు తెలియనిది, ఈ పిలుపు అనే మాటను నీ మీదే వాడతారని. సాహిత్య సేవ అంటారు, పారితోషికం మాటెత్తితే మొహం మాడ్చుకుంటారు. ప్రైవేటు బడుల్లో టీచర్లకు గురుదేవో భవ అని దండం పెట్టి జీతం నెలల తరబడి ఆపుతారు చూడు, ఇదీ ఆ తంతే. ఎంత ఇష్టమైన పనైనా చేసిన పనికి కూలి అడగడం తప్పు కాదు. నీ కథ వేసుకున్న పత్రికకు ఫోన్ చేసి పారితోషికం ఎప్పుడు పంపుతారని అడుగు. మొదటిసారి నోరు రాదు. అడుగు.

మరి ఉద్యోగం మానాలా వద్దా అంటే, రాయాల్సిన పని కళ్ళముందు ఉండి, సర్వేల మీద సర్వేలతో రోజుకు అరగంట కూడా దొరకనప్పుడు, అప్పటికి చేతిలో ఏడాది తిండికి సరిపడా డబ్బుంటే, మానేయవచ్చు. ఇప్పుడు నీకు అరగంట దొరుకుతోంది, డబ్బు లేదు. ఇంట్లో అప్పుడే ఏమీ చెప్పకు.

ఇక కథలు. మొదటిది పక్కన పెట్టేయ్, అది నువ్వు చదివిన కథల్లోంచి పుట్టిన కథ. రెండోది బాగుంది గానీ నాయనమ్మ చనిపోయాక వచ్చే పేజీన్నర అక్కర్లేదు, ఏడవాల్సినవాళ్ళు అప్పటికే ఏడ్చేసి ఉంటారు. పింఛన్ల కథ వచ్చే నెల పంపకాలయ్యాక, రెండో తారీఖునో మూడో తారీఖునో మొదలుపెట్టు. టైపు చేసి కాస్త పెద్ద అక్షరాల్లో పంపు, నాకు చూపు ఆనడం లేదు.