రీమింగ్‌ను ‘విస్తరణ’ అనవచ్చా?

సందేహం: అయ్యా, మా అబ్బాయి ఐటీఐలో ఫిట్టర్ చదువుతున్నాడు. వాడి తెలుగు నోట్సులో బోరింగ్‌కీ, రీమింగ్‌కీ ‘రంధ్ర విస్తరణ’ అనే రాసి ఉంది. ఇది సరేనా? రంధ్రం, బెజ్జం ఒకటేనా?

సమాధానం: మంత్రివర్గం మొదలు రహదారి దాకా పెద్దదయ్యే ప్రతిదానికీ మనకు విస్తరణే. ఇప్పుడు ఇనుములో బెజ్జం కూడా ఆ వరసలో చేరిందన్నమాట!

రీమింగ్‌కు వాడే పనిముట్టు రీమర్. అది చేసే పనిలో పెద్దది చెయ్యడం చాలా తక్కువ. 10 మి.మీ. బెజ్జం కావాలంటే ముందు 9.8 డ్రిల్లు వేస్తారు. డ్రిల్లు బెజ్జం అచ్చంగా గుండ్రంగా రాదు, లోపల గరుకుగా ఉంటుంది. మిగిలిన ఆ కాస్తా రీమర్ గీకి నున్నగా కొలతకు తెస్తుంది. డ్రాయింగులో హెచ్7 అని ఉంటే, అది కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పే గుర్తు, 10కి తగ్గకూడదు, 10.015 దాటకూడదు. అయితే బెజ్జమే పక్కకు పడితే రీమర్ ఏమీ చెయ్యలేదు, ఉన్న దారినే పోతుంది. ఆ వంకర తీసేది బోరింగ్. ఇలాంటి రెండు పనులకు ఒకే పేరు పెట్టినవారు వర్క్‌షాపులో ఒక పూట నిలబడి చూడలేదు.

పనిముట్టును చూసి మాట ఎంచడమంటే కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిని చెప్పాలి. మన మెదక్ సీమ కొల్చారం వాడంటారు. రఘువంశం మొదట్లోనే కాళిదాసు, ‘మణౌ వజ్రసముత్కీర్ణే సూత్రస్యేవాస్తి మే గతిః’ అన్నాడు. పూర్వకవులు తొలిచిపెట్టిన మణిలో దారంలా తాను సాగిపోతానని వినయం. ఇక్కడ వజ్రమంటే అందరికీ రత్నమే తోస్తుంది. మల్లినాథుడు మాత్రం ‘మణివేధకసూచీవిశేషం’ అన్నాడు, అంటే మణికి బెజ్జం వేసే సూది. కోశం చూపించి మరీ చెప్పాడు. వ్యాఖ్యాత అంటే అలా ఉండాలి.

అంతటివాడూ ‘ఉత్కీర్ణ’ దగ్గర ‘విద్ధ’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాకది కొంచెం వెలితి. విద్ధమంటే పొడిచినది. ఉత్కీర్ణంలో ఉత్ అంటే పైకి, కౄ ధాతువుకు చల్లడమని అర్థం. లోపలి పొడి పైకి చిమ్ముతూ తొలిచినదని కదా ఆ మాటలోని అందం! డ్రిల్లు తిరుగుతుంటే ఇనుప రజను ఎలా పైకి లేస్తుందో మీవాణ్ణి అడగండి, కాళిదాసు వాడికి త్వరగా అర్థమవుతాడు.

మన బెజ్జం ఆ ‘విద్ధ’ కుటుంబానిదే, వేధ్యం నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. తొలుచు అచ్చతెలుగు, తమిళంలో రంధ్రానికి తుళై అంటారు, దానికి చుట్టం.

కనుక డ్రిల్లుకు ‘బెజ్జం వెయ్యడం’, బోరింగ్‌కు ‘తొలవడం’ అంటే నాకు అభ్యంతరం లేదు. సిలిండరు అరిగితే బండి బోరుకొచ్చిందనే మెకానిక్కు ఒప్పుకుంటాడా అన్నది వేరే సంగతి. రీమింగ్‌కు ‘బెజ్జాన్ని కొలతకు తేవడం’ అనవచ్చు. పరీక్షలో మాత్రం రీమింగ్ అనే రాయమనండి, లేకపోతే మార్కులు పోతాయి.

రంధ్రం, బెజ్జం అర్థంలో ఒకటే. కాకపోతే తప్పులు వెదకడాన్ని రంధ్రాన్వేషణ అంటాం, అక్కడ బెజ్జం పనికిరాదు.