నెబ్రాస్కా పల్లెల్లో అల్లుడిగారి తాతముత్తాతల జాడ ఎలా వెతకాలి?

నమస్తే అండి. మీ అల్లుడిగారి పూర్వీకులు నెబ్రాస్కాలోని కస్టర్ కౌంటీ వాళ్లని, మనవరాలి కోసం రెండు వైపుల వంశవృక్షమూ రాస్తున్నారని, అటువైపు మాత్రం 1900 జనాభా లెక్కల దగ్గర దారి మూసుకుపోయిందని రాశారు. ఆ కౌంటీ పేరు చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మా ఆయన వాళ్ల మూలాలు అక్కడే. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడాది మొదలుపెట్టి, ఆరేళ్ల పాటు సెలవులు దొరికినప్పుడల్లా ఇదే పని మీద ఉన్నాం.

మీరు పేరు కొట్టి వెతుకుతున్నారు. అందరం అలాగే మొదలుపెడతాం. కానీ ఆ కాలపు పల్లెటూరి మనుషుల్ని పట్టుకోవాలంటే పేరు కంటే పొలం గట్టి ఆధారం. మన దగ్గర సర్వే నంబరు తెలిస్తే పహాణీ, ఈసీ, పాత దస్తావేజులు ఒకదాని వెంట ఒకటి ఎలా బయటికొస్తాయో, అక్కడా దాదాపు అంతే.

కస్టర్ కౌంటీ 1877లో ఏర్పడింది. అంతకుముందు ఏడాది లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో చనిపోయిన సైనికాధికారి కస్టర్ పేరు పెట్టారు. అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామందిని రప్పించింది 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం. 21 ఏళ్లు నిండినవాళ్లు గానీ, కుటుంబ పెద్ద గానీ దరఖాస్తు పెట్టుకుని, 160 ఎకరాల్లో ఇల్లు కట్టుకుని, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే ఆ భూమి వాళ్లదవుతుంది. దరఖాస్తు పెట్టేనాటికి అమెరికా పౌరులై ఉండాలి, లేదంటే పౌరసత్వం తీసుకుంటామని కాగితం రాసిచ్చి ఉండాలి. ఈ షరతుల వల్లే మనకు మేలు జరిగింది. అన్నింటికీ రుజువులు చూపించాలి కాబట్టి, ఆ రైతుల జీవితం కాగితం మీదికి ఎక్కింది.

మేం చేసిన పెద్ద పొరపాటు ముందే చెప్తాను, మీకు ఆ కష్టం రాకూడదు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో మా ఆయన ముత్తాత తండ్రి పేరు కనబడింది. కౌంటీ అదే, పుట్టిన ఏడాది కూడా దగ్గరదగ్గరగా ఉంది. సంతోషం పట్టలేక దాన్ని అలాగే దించుకుని, అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి అత్తగారి 75వ పుట్టినరోజుకు ఇచ్చాం. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. చివరికి "మా నాన్నమ్మ వాళ్ల అత్తగారి పేరు ఇది కాదే" అన్నారు మెల్లగా. ఆవిడ చెప్పింది ఆ ముత్తాత తండ్రి భార్య గురించి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ చిన్నప్పటి నుంచి విన్న పేరు ఒకటి, మేం గోడకు తగిలించమని ఇచ్చిన పేరు ఇంకొకటి.

తర్వాత తేలిందేమిటంటే, ఆ కౌంటీలో అదే పేరుతో ఇద్దరున్నారు. ఇద్దరూ జర్మనీ నుంచి వచ్చినవాళ్లే. వయసులో రెండేళ్లే తేడా. వీళ్లిద్దర్నీ విడదీసింది పొలమే. నెబ్రాస్కా నేలంతా చదరంగం బల్లలా గీసి ఉంటుంది. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న గడి ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు, అంటే 160 ఎకరాలు, ఒక హోమ్‌స్టెడ్. కాబట్టి ప్రతి రైతు పొలానికీ సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లతో కచ్చితమైన చిరునామా ఉంటుంది (టౌన్‌షిప్ నంబరు ఆ గడి ఉత్తర-దక్షిణాల్లో ఎన్నోదో, రేంజ్ నంబరు తూర్పు-పడమరల్లో ఎన్నోదో చెప్తాయి). పేరు ఇద్దరికి ఉండొచ్చు కానీ ఆ చిరునామా ఒక్కరిదే. అత్తగారి దగ్గరున్న పాత పన్ను రసీదులో సెక్షన్ నంబరు కనిపించింది. దాంతో మా మనిషెవరో తేలిపోయింది.

అందుకని మొదట మీ వియ్యపురాలికి ఫోన్ చేయండి. పేర్లు, తేదీలు సరే, ఇంట్లో పాత పన్ను రసీదులు, పొలం అమ్మిన కాగితాలు, కుటుంబ బైబిల్ ఏమైనా ఉన్నాయేమో అడగండి. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు బైబిల్ ముందు పేజీల్లో రాసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉండేది. పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి పంపమనండి. వాటితో పాటు ఆ బైబిల్ అచ్చయిన ఏడాది ఉన్న పేజీ కూడా. అది 1890లో అచ్చయి, అందులో 1850 నాటి పుట్టుక రాసి ఉంటే, ఎవరో తర్వాత గుర్తుపెట్టుకుని రాశారని అర్థం.

కాగితాలేవీ లేకపోయినా ఫర్వాలేదు. అమెరికా ప్రభుత్వ భూముల శాఖ వాళ్ల జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల వెబ్‌సైట్‌లో రాష్ట్రం, కౌంటీ, ఇంటిపేరు ఇస్తే పట్టా కనబడుతుంది. పైసా ఖర్చు లేదు. పట్టాలో ఉండేది కొంచెమే. పేరు, తేదీ, పొలం చిరునామా, ఒక నంబరు. ఆ నంబరే తాళంచెవి. దానితో అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న అసలు ఫైలు తెప్పించుకోవచ్చు. నెబ్రాస్కా హోమ్‌స్టెడ్ ఫైళ్లను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు.

మా ఫైలు తెరిచిన రోజు బాగా గుర్తుంది. పాప పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక్కో పేజీ చూశాం. ముద్రించిన ప్రశ్నలు, కింద చేత్తో రాసిన జవాబులు. ఈ పొలంలో ఎప్పుడు కాపురం పెట్టారు? ఇల్లెలాంటిది? "సాడ్ హౌస్, 14 అడుగులు, 24 అడుగులు, ఒక తలుపు, రెండు కిటికీలు." పచ్చిక వేళ్లతో సహా మట్టి పెళ్లలు కోసి, ఇటుకల్లా పేర్చి కట్టిన ఇల్లన్నమాట. అక్కడ చెట్లు అరుదు కాబట్టి అదే దిక్కు. ఎన్ని ఎకరాలు దున్నారు? 45. ఎప్పుడైనా పొలం వదిలి వెళ్లారా? ఒక చలికాలం మూడు నెలలు రైలు కట్ట పని మీద వెళ్లానని, భార్యాపిల్లలు ఇంట్లోనే ఉన్నారని జవాబు. ఆ మట్టింట్లో, ఆ మంచులో, ముగ్గురు పిల్లలతో ఒక్కతే ఉన్న ఆ తల్లిని తలుచుకుని మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

అదే ఫైల్లో పౌరసత్వం కాగితం నకలు కూడా ఉంది. జనాభా లెక్కల్లో పుట్టిన చోటు ఉత్త "జర్మనీ" అని ఉంటుంది, దాంతో పని జరగదు. ఈ కాగితంలో మాత్రం మెక్లెన్‌బర్గ్-ష్వేరిన్ గ్రాండ్ డ్యూక్‌కు విధేయత వదులుకుంటున్నానని రాశాడాయన. ఏ రాజు కింద పుట్టాడో తెలిసింది కాబట్టి ఏ ప్రాంతమో తెలిసింది. మీ అల్లుడిగారి వాళ్లు వేరే దేశం నుంచి వచ్చి ఉంటే ఈ కాగితం అసలు వదలకండి.

ఇక సాక్షులు. అయిదేళ్లూ అక్కడే ఉన్నాడని ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు ప్రమాణం చేసి చెప్పాలి. మేం మొదట ఆ పేర్లను పట్టించుకోలేదు. అక్కడ మాకు ఒక ఏడాది వృథా అయింది. పరాయి దేశం వెళ్లేవాళ్లు ఒంటరిగా వెళ్లరండి, అది మనకు తెలిసిన సంగతే. ఒకళ్లు వెళ్లి కుదురుకుంటే వాళ్ల వెనకాల బావమరిది, తమ్ముడు, పక్కింటివాళ్లు వెళ్తారు. ఆ సాక్షుల్లో ఒకాయన పొలం మా వాళ్ల పొలాన్ని ఆనుకునే ఉంది. ఆయన్ని వెనక్కి వెతుక్కుంటూ పోతే అయోవాలోని స్కాట్ కౌంటీ తగిలింది, అక్కడి లూథరన్ చర్చి పుస్తకంలో ఆయన చెల్లెలి పెళ్లి రాసి ఉంది. పెళ్లికొడుకు మా ఆయన ముత్తాత తండ్రే. అంటే సాక్షి సంతకం పెట్టింది సొంత బావమరిది. అలా ఆవిడ పుట్టింటి పేరు దొరికింది. పేరు అత్తగారు విన్నదే.

చుట్టరికాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇంగ్లీషులో అక్క కొడుకైనా అన్న కొడుకైనా ఒకటే మాట, మేనమామ అయినా బాబాయి అయినా ఒకటే మాట. పైగా పాత కాగితాల్లో "సన్ ఇన్ లా" అని రాసి ఉంటే అల్లుడే అనుకోకండి, సవతి కొడుకు కూడా కావచ్చు. నేను తెలుగులో పక్కన రాసుకుంటాను. మేనమామా, బాబాయా అని రాయాల్సి వచ్చినప్పుడు, ఆ సంగతి మనకు తెలియలేదని తెలిసొస్తుంది. వెతకాల్సింది అక్కడే.

మీరు 1900 దగ్గర ఆగిపోవడానికి ఇంకో కారణం ఉంది. 1890 జనాభా లెక్కలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాయి, దాదాపు ఏమీ మిగల్లేదు. 1880 నుంచి 1900 దాకా ఇరవై ఏళ్లు ఖాళీ. అయితే నెబ్రాస్కాలో 1885లో విడిగా జనాభా లెక్కలు తీశారు, అవి చూడండి. ఇంకో సంగతి, రాష్ట్రం మొత్తానికీ జనన మరణాల నమోదు 1904లో గానీ మొదలవలేదు. అంతకుముందు చనిపోయినవాళ్లకు సర్టిఫికెట్ ఉండదు. పెళ్లిళ్లు మాత్రం కౌంటీ పుస్తకాల్లో ఉంటాయి.

1900 కాగితాన్ని మళ్లీ ఒకసారి తీయండి. ఆడవాళ్ల పేరు ఎదురుగా రెండు చిన్న గళ్లుంటాయి. ఎంతమంది పిల్లల్ని కన్నారు, అందులో ఎంతమంది బతికున్నారు. మా ఆయన ముత్తాత తల్లికి 9, 6 అని ఉంది. ఆ ముగ్గురి పేర్లు ఎవరికీ తెలియవు, అత్తగారికి కూడా. స్థానిక పత్రికల పాత సంచికల్లో వెతికాం. వాటిని స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. ఊరి కబుర్లలో ఫలానా వాళ్లింటికి అయోవా నుంచి చెల్లెలు వచ్చిందని, ఫలానా వాళ్ల ఎద్దు తప్పిపోయిందని రాసేవాళ్లు. వంశవృక్షానికి అవి బాగా పనికొస్తాయి. ఇంటిపేరు తప్పుగా అచ్చయి ఉండొచ్చు, అందుకని ఊరు పేరుతో కూడా వెతకండి. అలా వెతికితే రెండు వాక్యాలు దొరికాయి. ఒకే వారంలో డిఫ్తీరియాతో ఇద్దరు పిల్లలు. మూడో బిడ్డ సంగతి ఇంకా తెలియలేదు.

కస్టర్ కౌంటీ వాళ్లకు ఒక అదృష్టం ఉంది. సాలమన్ బుచర్ అనే ఫొటోగ్రాఫర్ 1886 నుంచి గుర్రబ్బండి మీద ఆ పల్లెలన్నీ తిరిగి, మట్టిళ్ల ముందు కుటుంబాలను నిలబెట్టి ఫొటోలు తీశాడు. కుర్చీలు, ఆవులు, కొన్నిచోట్ల ఆర్గాన్ అనే వాయిద్యం కూడా బయట పెట్టుకుని నిలబడ్డారు. ఎవరి పేరు మీద వాళ్లు పొలాలు తీసుకున్న నలుగురు క్రిస్మన్ అక్కచెల్లెళ్ల ఫొటో, బానిసత్వం నుంచి బయటపడి వచ్చిన షోర్స్ కుటుంబం ఫొటో ఆయన తీసినవే. మూడు వేలకు పైగా గాజు నెగెటివ్‌లు ఇప్పుడు రాష్ట్ర రాజధాని లింకన్‌లోని రాష్ట్ర చరిత్ర సంస్థలో ఉన్నాయి. మా వాళ్ల ఫొటో దొరకలేదు. ఆ బావమరిది కుటుంబం ఫొటో దొరికింది. మా అమ్మాయి దాన్ని చూసి "ఈయన చెవులు నాన్నవే" అంది.

వీలైతే అల్లుడిగారిని, పాపను తీసుకుని ఒకసారి వెళ్లిరండి. లింకన్ నుంచి కౌంటీ కేంద్రమైన బ్రోకెన్ బోకి కారులో మూడు గంటలు. 2,500 చదరపు మైళ్లు దాటిన కౌంటీలో పది వేల పైచిలుకు జనం, కోర్టు ఆఫీసులో సిబ్బందికి తీరిగ్గా మాట్లాడే ఓపిక ఉంటుంది. ముందు ఫోన్ చేసి, సెక్షన్ నంబరు చెప్పి వెళ్లండి. దస్తావేజుల పుస్తకాలతో పాటు తాకట్టు పుస్తకాలు కూడా అడగండి. మా వాళ్లు ఒక ఏడాది "తెల్ల నుదురున్న ఎర్రావు"ను తాకట్టు పెట్టారు. శ్మశానానికి పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితే అరిగిన అక్షరాలు కనిపిస్తాయి. రాళ్ల మీద సుద్ద రుద్దకండి, రాయి పాడవుతుంది.

బ్రోకెన్ బో అనే ఊరి పేరుకు అర్థం "విరిగిన విల్లు". వలస వచ్చిన ఒక రైతుకు అక్కడ విరిగిన విల్లొకటి దొరికిందని ఆ పేరు పెట్టారు. ఆ నేల మీద అంతకుముందు పానీలు, లకోటాలు అనే స్థానిక తెగలవాళ్లు వేటాడేవారు. 1870లలో పానీలను ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. మేం రాసిన వంశవృక్షం మొదటి పేజీలో ఈ సంగతి కూడా రాశాం, మా పిల్లలకు పూర్తిగా తెలియాలని.

మీ అల్లుడిగారి ఇంటిపేరు ఇక్కడ బహిరంగంగా రాయవద్దు. ఏ దేశం నుంచి వచ్చారో, కౌంటీలో ఏ ఊరికి దగ్గరో మాత్రం రాయండి. సార్జెంట్, కాలవే, ఆన్స్‌లీ వైపు అయితే మా దగ్గర ఆ టౌన్‌షిప్‌ల పాత మ్యాపులున్నాయి. పక్క పొలాలవాళ్లెవరో చూసి చెప్తాను.